రాసినవన్నీ ఉన్నాయి, కానీ దొరకడం లేదా? పాత పోస్టులను పాఠకులకు దొరికేలా సర్దుకోవడం ఎలా

పోయిన ఆషాఢంలో మా వదిన ఫోన్ చేసింది. "నువ్వు లాల్‌దర్వాజా బోనాల గురించి రాశావు కదా, బండి ఎక్కడ పెట్టుకోవాలో, ఏ సందులోంచి నడవాలో అన్నీ చెప్పావు. రేపు పిల్లల్ని తీసుకుని వెళ్తున్నాం, పొద్దున్నుంచీ వెతుకుతున్నా దొరకట్లేదు" అంది. లింకు పంపిస్తా వదినా అని ఫోన్ పెట్టేసి నేనే వెతకడం మొదలుపెట్టాను. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ పోస్టుకి నేను పెట్టిన పేరు "ఆ ఆదివారం". దాని మీద ఉన్న లేబుళ్ళు జ్ఞాపకాలు, మనసు, హైదరాబాద్. బోనాలు అన్న మాట ఎక్కడో ఆరో పేరాలో ఉంది, అది కూడా "బోనాల" అని.

పదకొండేళ్ళుగా మా హైదరాబాద్ గురించి బ్లాగు రాస్తున్నాను, నాలుగు వందల పైచిలుకు పోస్టులు. వాటిని ఒక్కొక్కటే తీసి, సర్ది, మళ్ళీ పేర్లు పెట్టడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. ఆ పని ఎలా చేశానో, మీరు చేసేటప్పుడు ఏ వరసలో చేస్తే తేలికో ఇక్కడ రాస్తున్నాను. నేను వాడేది వర్డ్‌ప్రెస్, మా స్నేహితురాలిది బ్లాగర్. రెండూ బ్లాగు నడుపుకునే ఏర్పాట్లే, రెండింటికీ ఇవి చాలావరకు పనికొస్తాయి. ప్రత్యేకించి తెలుగులో రాసేవాళ్ళకి కొన్ని చిక్కులున్నాయి, ఇంగ్లీషులో ఉండే సలహాల్లో అవి కనపడవు, వాటి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

1. ముందు అన్నిటినీ ఒకచోట రాసుకోండి

ఏదీ ముట్టుకోకముందు బ్యాకప్ తీసుకోండి. వర్డ్‌ప్రెస్‌లో టూల్స్ కింద ఎక్స్‌పోర్ట్ ఉంటుంది, బ్లాగర్‌లో సెట్టింగ్స్‌లో ఉంటుంది. పోస్టులన్నీ ఒక ఫైలుగా దిగుతాయి, దాన్ని ఇంకోచోట కూడా దాచుకోండి.

తర్వాత గూగుల్ షీట్స్‌లో ఒక పట్టిక తెరవండి. ఒక్కో పోస్టుకి ఒక్కో వరస. పేరు, లింకు, రాసిన తేదీ, ఇప్పుడున్న లేబుళ్ళు, చివర్న రెండు ఖాళీ గళ్ళు. మొదటి ఖాళీ గడిలో "ఇది ఎవరి ఏ ప్రశ్నకి జవాబు?" అని రాయండి. రెండోదాంట్లో నాలుగు మాటల్లో ఒకటి పెట్టండి: ఉంచాలి, సరిచెయ్యాలి, కలపాలి, తీసెయ్యాలి.

ఆ ప్రశ్న గడే ఈ మొత్తం పనిలో ముఖ్యమైనది. "ఆ ఆదివారం" ఎదురుగా నేను "లాల్‌దర్వాజా బోనాలకి ఎలా వెళ్ళాలి, ఏ వేళకి వెళ్తే పిల్లలతో ఇబ్బంది ఉండదు?" అని రాసుకున్నాను. ఆ వాక్యం రాయగానే దాని పేరు ఏముండాలో, ఏ విభాగంలో ఉండాలో నాకే అర్థమైపోయింది. ప్రశ్న ఏదీ తట్టని పోస్టులు కూడా ఉంటాయి, వర్షం పడుతుంటే కిటికీ దగ్గర కూర్చుని రాసుకున్నవి. వాటిని తీసెయ్యనక్కర్లేదు, వాటికీ చోటుంది, మూడో మెట్టులో చెప్తాను.

రోజుకి పదిహేను పోస్టుల కంటే ఎక్కువ పెట్టుకోకండి. పాతవి చదువుతుంటే మనసు ఎటో పోతుంది, యాభై పెట్టుకుంటే మూడోరోజుకే వదిలేస్తారు.

2. పాఠకులు ఏ మాటతో వెతుకుతున్నారో చూడండి

గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితం. మీ సైటుని దానికి కలిపితే, జనం గూగుల్‌లో ఏ మాటలు కొట్టినప్పుడు మీ పేజీలు కనపడ్డాయో పదహారు నెలల వరకు చూపిస్తుంది. ఇంతవరకు కలపకపోతే ఇవాళే కలపండి.

నేను "ఆషాఢ జాతర" అని రాసినచోట జనం "బోనాలు" అని వెతుకుతున్నారు. నేను "భాగ్యనగరం" అని రాస్తే వాళ్ళు "హైదరాబాద్" అంటున్నారు. "పాత పుస్తకాల సంత" అని నేను ముచ్చటపడి పెట్టిన పోస్టుని చేరాల్సినవాళ్ళు "ఆబిడ్స్ ఆదివారం పుస్తకాలు" అని కొడుతున్నారు. మన మాట అందంగా ఉండొచ్చు, పోస్టు లోపల ఎంతైనా వాడుకోవచ్చు. పేరులోనూ లేబుల్లోనూ మాత్రం పాఠకుడి నోట వచ్చే మాటే ఉండాలి.

3. విభాగాలు: ఆరేడు చాలు

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పూట పుస్తకాల గుట్టల్లో వెతుక్కోవడం ఎంత బాగుంటుందో నాకు తెలుసు, ఆ వెతుకులాట కోసమే వెళ్తాం. కానీ రేపు పరీక్ష ఉన్న పిల్లవాడు అక్కడికి వెళ్ళడు, చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్తాడు, ఎందుకంటే అక్కడ ఏది ఏ బీరువాలో ఉందో చెప్పే ఏర్పాటు ఉంటుంది. గ్రంథాలయ శాస్త్రానికి మన దేశంలో దారి వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో అయిదు సూత్రాలు చెప్పారు. అందులో నాలుగోది, పాఠకుడి సమయం ఆదా చెయ్యమని. మన సైటుకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఫోన్ చేత్తో పట్టుకుని, దారిలో నిలబడి, ఒక్క విషయం కోసం వస్తారు. విభాగాలు వాళ్ళ కోసం.

విభాగం అంటే బీరువా. ఒక పోస్టు ఒక్క బీరువాలోనే ఉండాలి. నావి చివరికి ఆరు తేలాయి: తిండి, పండుగలూ జాతరలూ, పాత కట్టడాలు, ఊరి చుట్టుపక్కల ప్రయాణాలు, బస్సూ మెట్రో, నా మాటలు. ఆ కిటికీ దగ్గర వర్షం పోస్టులన్నీ ఆఖరి దానిలోకి వెళ్ళాయి. అవంటే ఇష్టపడేవాళ్ళు నేరుగా అక్కడికే వస్తున్నారు, దారి వెతుక్కునేవాళ్ళకి అవి అడ్డం రావడం లేదు.

"ఇతరాలు" అని మాత్రం పెట్టకండి. అది ఉంటే బద్ధకించిన ప్రతిసారీ పోస్టు అందులోకే పోతుంది. వర్డ్‌ప్రెస్ అయితే విభాగం ఎంచుకోని ప్రతి పోస్టునీ అన్‌కేటగరైజ్డ్ అనే దాంట్లో పడేస్తుంది, నాది తెరిచి చూస్తే అందులో 90 దాకా ఉన్నాయి.

ఇంకోటి, రేపు మారిపోయే వాటి మీద విభాగాలు కట్టకండి. ఇది నేను జిల్లాల దగ్గర నేర్చుకున్నాను. ప్రయాణాలన్నీ మొదట్లో జిల్లాలవారీగా పెట్టాను. రామప్ప గుడి పోస్టు వరంగల్‌లో ఉండేది. 2016లో కొత్త జిల్లాలొచ్చాయి, రామప్ప జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వెళ్ళింది. 2019లో ములుగు జిల్లా ఏర్పడింది, రామప్ప ములుగుకి వెళ్ళింది. గుడి పాలంపేటలో ఉన్నచోటే ఉంది, నా బీరువా పేరే రెండుసార్లు తప్పయింది. భువనగిరి కోట నల్గొండ కింద ఉండిపోయింది. ఇప్పుడు "ఒక్కరోజులో వెళ్ళొచ్చేవి", "రాత్రి ఉండాల్సినవి" అని రెండు ఉపవిభాగాలు పెట్టాను. హైదరాబాద్ నుంచి బయల్దేరేవాళ్ళు నిజంగా అడిగేది అదే, జిల్లా ఏదని ఎవరూ అడగరు.

ఏడాది, నెలవారీ జాబితా పక్కన కనిపిస్తుంటుంది కదా, దాన్ని తీసేసినా నష్టం లేదు. మీరు ఫలానా విషయం 2018 మార్చిలో రాశారని పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

4. లేబుళ్ళు, తెలుగు రాతలో ఉన్న అసలు చిక్కు

విభాగం బీరువా అయితే లేబుల్ దారం లాంటిది, వేర్వేరు బీరువాల్లో ఉన్నవాటిని కలుపుతుంది. "చార్మినార్" అన్న లేబుల్ కింద తిండి పోస్టూ రావచ్చు, కట్టడాల పోస్టూ రావచ్చు. ఒక లేబుల్ కింద కనీసం మూడు పోస్టులు లేకపోతే ఆ లేబుల్ వద్దు. నావి 600 దాటి ఉండేవి, సగానికి పైగా ఒక్కో పోస్టుకే అంటించినవి. ఇప్పుడు 70 ఉన్నాయి.

నాకు అన్నిటికంటే ఎక్కువ టైం పట్టింది ఇక్కడే. లేబుళ్ళ జాబితా తీసి చూస్తే చార్మినార్ రెండుసార్లు ఉంది. ఒకటి "చార్మినార్", ఇంకోటి "చార్‌మినార్". మొదటిదాంట్లో మ ఒత్తుగా మారి ర కింద కలిసిపోయింది, రెండోదాంట్లో ర్ విడిగా నిలబడింది. రెండోది టైపు చేసినప్పుడు మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు పడుతుంది, రెండు అక్షరాలు కలవకుండా ఆపడమే దాని పని. మనకి రెండూ ఒకటే మాట, కంప్యూటర్‌కి రెండు వేరు వేరు లేబుళ్ళు. ఒకదాని కింద 14 పోస్టులు, ఇంకోదాని కింద 9. పద్నాలుగు చూసినవాళ్ళకి ఆ తొమ్మిది ఉన్నాయనే తెలియదు. సాఫ్ట్‌వేర్, ఫుట్‌పాత్, లాల్‌దర్వాజా, అమీర్‌పేట, ఇలాంటి ప్రతి మాటా ఒక్కో కీబోర్డులో ఒక్కోలా పడుతుంది, ఫోన్‌లో ఒకటి, కంప్యూటర్‌లో ఇంకోటి.

దానికి తోడు మన రాతలో ఉండే తేడాలు. కథ, కధ. హైదరాబాద్, హైదరాబాదు. సికింద్రాబాద్, సికిందరాబాద్. హలీం, హలీమ్. గోల్కొండ, గోలకొండ. యాదగిరిగుట్ట, యాదాద్రి, ఉత్త "గుట్ట". వీటిలో ఏది ఒప్పని వాదించుకోవడానికి ఇది చోటు కాదు, ఏదో ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడాలి.

నేను చేసిందేంటంటే, పట్టికలో ఇంకో షీటు తెరిచి "నా లేబుళ్ళు" అని పేరు పెట్టి, అకారాదిగా 70 మాటలూ రాసుకున్నాను. ప్రతి దాని పక్కన "ఇలా రాయకూడదు" అని మిగతా రూపాలు. కొత్త పోస్టు రాసినప్పుడు లేబుల్‌ని టైపు చెయ్యను, ఆ షీట్లోంచి కాపీ చేసి అతికిస్తాను. కాపీ చేస్తే కనపడని గుర్తు కూడా అలాగే వస్తుంది, రెండో చార్మినార్ పుట్టదు.

ఏకవచనం, బహువచనం కూడా ముందే తేల్చుకోండి. బోనం, బోనాలు రెండూ ఉంటే పోస్టులు రెండుగా చీలతాయి. నేను జనం పిలిచే రూపం తీసుకున్నాను: బోనాలు, బస్సులు, కానీ హలీం, నుమాయిష్ (నాంపల్లిలో ఏటా జరిగే వస్తు ప్రదర్శన).

మరి ఎంచుకోని రూపంతో వెతికేవాళ్ళ సంగతి? దానికి పోస్టు లోపల ఏర్పాటు చెయ్యాలి. మొదటి పేరాలోనే ఇంకో రూపం కూడా సహజంగా వచ్చేలా ఒక వాక్యం రాయండి: "యాదగిరిగుట్టకి, యాదాద్రి అని కూడా అంటారు, ఉప్పల్ నుంచి బస్సులున్నాయి" అన్నట్టు. మాటలు గుట్టగా పోసి పేరా కింద దాచొద్దు, చదివేవాళ్ళకి అది చిరాకు.

మన విభక్తుల సంగతి కూడా ఉంది. "బోనాలు" అన్న మాటకి "కి" చేరితే "బోనాలకి", "జాతర" చేరితే "బోనాల జాతర". చివర ఉన్న "లు" పోయి "ల" మిగులుతుంది. సైటులో ఉండే మామూలు వెతుకుడు పెట్టె అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది, "బోనాలు" అని కొడితే "బోనాల" అన్న మాటని పట్టుకోలేదు. మా వదినకి ఆరో పేరాలోని "బోనాల" దొరక్కపోవడానికి కారణం ఇదే. కాబట్టి ప్రతి పోస్టులోనూ ముఖ్యమైన మాట కనీసం ఒక్కసారి, పేరులోనో మొదటి పేరాలోనో, ఏ విభక్తీ చేరకుండా ఉత్తగా ఉండాలి. "ఈసారి బోనాలు చూడ్డానికి వెళ్తున్నారా?" అన్నా చాలు.

5. పేర్లు మార్చండి

పేరులో రెండు ఉండాలి, దేని గురించి, చదివితే ఏం తెలుస్తుంది. "ఆ ఆదివారం" ఇప్పుడు "లాల్‌దర్వాజా బోనాలు: పిల్లలతో వెళ్ళేవాళ్ళకి దారి, పార్కింగ్, వేళ" అయింది. "నోరూరించే జ్ఞాపకం" అని ఒకటుండేది, అది "రంజాన్‌లో హలీం: పాతబస్తీలో నేను తినే నాలుగు చోట్లు" అయింది. పాత పేరు మీద మమకారం ఉంటే దాన్ని లోపల మొదటి వాక్యం చేసుకోండి, నేను రెండు మూడింటికి అలాగే చేశాను. ముఖ్యమైన మాట పేరు మొదట్లోనే రావాలి, ఫోన్ తెర మీద పేరు సగంలో తెగిపోతుంది.

6. లింకు చిరునామా పొట్టిగా, ఇంగ్లీషు అక్షరాల్లో

తెలుగులో పేరు పెడితే వర్డ్‌ప్రెస్ చిరునామా కూడా తెలుగులోనే చేస్తుంది. బ్రౌజర్‌లో అందంగానే ఉంటుంది, వాట్సాప్‌లో పంపితేనే చిక్కు. ఒక్కో తెలుగు గుర్తు శాతం గుర్తులతో, అంకెలతో తొమ్మిది అక్షరాలుగా విడిపోతుంది. "బోనాలు" అన్న మాటలో గుణింతాలతో కలిపి ఆరు గుర్తులు, అంటే 54 అక్షరాలు. వర్డ్‌ప్రెస్ చిరునామాలో ఆ భాగానికి 200 అక్షరాలే చోటు, 22 తెలుగు గుర్తులు దాటగానే కత్తిరించేస్తుంది. బ్లాగర్ అయితే తెలుగు పేరుని వదిలేసి అన్నిటికీ ఒకేలాంటి చిరునామా పెట్టి చివర అంకె మారుస్తుంది. రెండింట్లోనూ చిరునామాని మనమే రాసుకోవచ్చు. రెండు మూడు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో అడ్డగీతతో. తేదీ, ఏడాది అందులో పెట్టకండి.

పాత పోస్టుల చిరునామాలు ఊరికే మార్చొద్దు. ఎవరెవరో ఎక్కడెక్కడో పంచుకుని ఉంటారు. మార్చాల్సివస్తే పాతదాని నుంచి కొత్తదానికి దారి మళ్ళించండి, దాన్నే 301 రీడైరెక్ట్ అంటారు. వర్డ్‌ప్రెస్‌లో చిరునామా మారిస్తే అది చాలావరకు తనంతట తానే మళ్ళిస్తుంది, పోస్టుని తీసేస్తే మాత్రం మళ్ళించదు, దానికి ప్లగిన్ (అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాం) పెట్టుకోవాలి. బ్లాగర్‌లో సెట్టింగ్స్‌లోనే ఆ సదుపాయం ఉంది.

7. ఒకే విషయం మీద మూడు ఉంటే కలపండి, పాతబడినవాటిని ఒప్పుకోండి

హలీం మీద నావి అయిదు పోస్టులున్నాయి, వేర్వేరు రంజాన్లలో రాసినవి. అందులో మూడింటిని కలిపి ఒకటి చేసి, మిగతా రెండు చిరునామాల్నీ దానికి మళ్ళించాను. నాలుగోది ఒక్క దుకాణం గురించే, అయిదోది ఇంట్లో వండే పద్ధతి, వాటి పని వేరు కాబట్టి ఉంచేశాను.

బస్సు పోస్టులది ఇంకో కథ. 2017 నవంబరులో మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా నాగోలు దాకా మెట్రో మొదలైంది, అంతకుముందు నేను ఆ దారుల గురించి రాసిన సలహాలన్నీ ఆ నెలతో పాతబడ్డాయి. అయినా జనం వాటిని చదువుతూనే ఉన్నారు, నమ్మి బస్టాపులో నిలబడ్డవాళ్ళు కూడా ఉండే ఉంటారు, అది తల్చుకుంటే నాకు బాధగా ఉంటుంది. అలాంటివాటి మీద మొట్టమొదటి వాక్యంగా "ఇది మెట్రో రాకముందు రాసింది, ఇప్పటి దారి ఇక్కడ చూడండి" అని రాసి కొత్తదానికి లింకు ఇవ్వండి. సరిచేసిన పోస్టుల్లో సరిచేసిన నెల, ఏడాది పైనే వెయ్యండి.

8. చేత్తో ఒక విషయసూచిక

ఆటోమేటిక్ జాబితాలు ఎన్నున్నా, మనం చేత్తో రాసిన ఒక్క పేజీ అంత పనికిరావు. పైన మెనూలో "ఏది ఎక్కడ" అని ఒక పేజీ పెట్టాను. ఆరు విభాగాలు, ఒక్కోదాని కింద ముఖ్యమైన పది పన్నెండు పోస్టులు, ప్రతి లింకు పక్కన ఒక చిన్న వాక్యం. నాలుగు వందలూ అందులో పెట్టలేదు, పెడితే అది మళ్ళీ ఆబిడ్స్ గుట్టే అవుతుంది.

కట్టడాల విభాగంలో మాత్రం అకారాది క్రమంలో పూర్తి జాబితా ఇచ్చాను, పేరు తెలిసి వెతికేవాళ్ళు అక్కడ ఎక్కువ. దాన్ని షీట్స్ వరస పెట్టినా ఒకసారి కంటితో చూసుకోండి, సున్నా ఉన్న మాటల్ని కంప్యూటర్ పెట్టే చోటు మీరు నిఘంటువులో చూసి అలవాటుపడిన చోటు కాకపోవచ్చు.

భాగాలుగా రాసినవాటికి ప్రతి భాగం పైనా కిందా ముందుదానికీ తర్వాతదానికీ లింకు ఉండాలి. పోస్టు మధ్యలో ఇంకో పోస్టుకి లింకు ఇచ్చేటప్పుడు "ఇక్కడ నొక్కండి" అన్న మాట మీద కాకుండా, "గోల్కొండ బోనాలు" అన్న మాట మీదే ఇవ్వండి, నొక్కితే ఏమొస్తుందో ముందే తెలియాలి.

9. కాలానికి తగ్గట్టు ముందుగది

మన ఊళ్ళో ఏ నెలలో ఏం వెతుకుతారో కొంతవరకు ముందే చెప్పొచ్చు. జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి సగం దాకా నాంపల్లిలో నుమాయిష్. రంజాన్ నెలలో హలీం. ఆషాఢంలో బోనాలు, ముందు గోల్కొండ, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, ఆ తర్వాత లాల్‌దర్వాజా. వినాయక నిమజ్జనం రోజుల్లో ఏ రోడ్లు మూస్తారన్నది. అందుకే మొదటి పేజీ పైభాగంలో మూడు పోస్టులకి చోటు ఉంచి, ఆ కాలానికి తగినవి అక్కడ పెడుతున్నాను. పదిహేను రోజులు ముందే మార్చాలి, పండుగ రోజు మారిస్తే ఎవరికీ పనికిరాదు. ఫోన్ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకున్నాను.

10. ఇంకొకరి చేతికి ఫోన్ ఇచ్చి చూడండి

సర్దడం అయ్యాక మీరే వెతికి దొరికిందనుకోవద్దు, ఎక్కడ పెట్టారో మీకు తెలుసు. సైటు పెద్దగా చూడని ముగ్గుర్ని పట్టుకోండి. మొదటి పేజీ తెరిచి ఫోన్ చేతికిచ్చి, "ఆదివారం పుస్తకాల గురించి రాసింది తియ్యండి" అని ఒక్క మాట చెప్పి ఊరుకోండి. సాయం చెయ్యకండి. వేలు ముందు ఎటు వెళ్ళిందో, ఎక్కడ ఆగిందో, ఏ మాట టైపు చేశారో రాసుకోండి. అర నిమిషంలో దొరకనివన్నీ మళ్ళీ మొదటి మెట్టుకి వెళ్ళాలి.

నేను మా వదిన చేతికి ఇచ్చాను. బోనాలు పది సెకన్లలో తీసింది. రామప్ప తీసింది. "నుమాయిష్‌కి ఏ గేటు నుంచి వెళ్ళాలో రాశాను, అది తియ్యి వదినా" అంటే మెనూ వైపు చూడనే లేదు, వెతుకుడు పెట్టెలో "ఎగ్జిబిషన్" అని కొట్టింది. ఏమీ రాలేదు. మా ఇంట్లో పెద్దవాళ్ళందరూ దాన్ని ఎగ్జిబిషన్ అనే అంటారు, చిన్నప్పుడు నేనూ అలాగే అనేదాన్ని, పోస్టు మొత్తంలో మాత్రం ఆ మాట ఒక్కసారి కూడా రాయలేదు. అక్కడే కూర్చుని మొదటి పేరాలో చేర్చాను, లేబుళ్ళ షీట్లో నుమాయిష్ పక్కన రాసుకున్నాను. ఫోన్ మళ్ళీ తన చేతికే ఇస్తే ఈసారి వచ్చింది.